2006 క్యాంపర్‌లో 2013 బొలెరో డ్యాష్‌బోర్డు: ఎవరైనా మార్చారా?

గుణుపురం క్యాంపర్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. నాన్న 2006లో కొన్న బొలెరో క్యాంపర్ (వెనక తొట్టి ఉండే మహీంద్రా పికప్), డీఐ ఇంజిన్ (పాత రకం డీజిల్ ఇంజిన్), ఇప్పటికీ మా ఇంటి బండి. నంబరు ప్లేటు మీద ఇంకా ఒడిశా పాత కోడ్ ఓఆర్ 18 అనే ఉంటుంది. పత్తి, కూరగాయలు వేసుకుని పార్వతీపురం, పాలకొండ వెళ్లి రావాలంటే మాకు ఇదే దిక్కు. ఇంజిన్ బాగుంది, గేర్‌బాక్స్ రెండేళ్ల కిందట విప్పి చేయించాం. పాడైంది క్యాబినే.

డ్యాష్‌బోర్డు పైభాగం ఎండకు పొలంలా నెర్రెలిచ్చింది. లోపల గాలి గొట్టాలు ఊడిపోయి బ్లోయర్ వేస్తే గాలి కాళ్లకే తగులుతుంది, అద్దం మీదకు రాదు. వానాకాలం తెల్లవారుజామున ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో గుడ్డ. కుడి పక్క విరిగిన చోట నాన్న సైకిల్ ట్యూబు ముక్కతో కట్టారు. అది కట్టి ఆరేళ్లయింది.

పోయిన వారం విశాఖలో పాత సామాన్ల కొట్టులో 2013 బొలెరో ఒకటి చూశాను. వెనక నుంచి దెబ్బ తింది, ముందు క్యాబిన్ చెక్కుచెదరలేదు. డ్యాష్‌బోర్డు, మీటరు, బ్లోయర్ డబ్బా, ముందు సీట్లు, డోర్ ప్యాడ్లు అన్నీ కలిపి 18 వేలు అడుగుతున్నాడు. మా దాంట్లో పడుతుందా? వైరింగ్ మొత్తం మార్చాలా? స్పీడోమీటర్ మాది కేబుల్‌తో తిరిగేది, దానిది సెన్సార్.

ఇంకో మాట. నాన్న ఒకే ఒక్క షరతు పెట్టారు. మీటరులో ఉన్న 2,86,000 చిల్లర కిలోమీటర్ల లెక్క పోకూడదట. "అవన్నీ నేను నడిపినవి" అన్నారు. ఆ మాట కాదనలేను.

బరంపురం మావయ్య

పడుతుంది నాయనా. బొలెరోకీ క్యాంపర్‌కీ ముందు క్యాబిన్ వరస ఒకటే. కానీ కొట్టువాడు ప్లాస్టిక్ ఊడదీసి చేతిలో పెడితే తీసుకోకు. దాని వెనక అడ్డంగా ఒక ఇనుప ఫ్రేము ఉంటుంది, రెండు పక్కలా అద్దం స్తంభాలకు బోల్టులు బిగుస్తాయి. ఆ ఫ్రేము, దాని బ్రాకెట్లు, బోల్టులు, చిన్న చిన్న క్లిప్పులతో సహా అడుగు. క్లిప్పులే విలువైనవి. కొత్తవి కొందామంటే ఒక్కోటీ విడిగా వెతకాలి, దొరకవు. అవి లేకుండా స్క్రూలు కొట్టి బిగించిన డ్యాష్ ఆరు నెలల్లో మళ్లీ కిరకిరలాడుతుంది.

టేపు తీసుకెళ్లు. నాలుగు కొలతలు చూడు: స్తంభాల మధ్య వెడల్పు, అద్దం కింది అంచు నుంచి ఫ్రేము బోల్టు వరకు, స్టీరింగ్ రాడ్ బిగిసే చోటు ఎత్తు, బ్లోయర్ డబ్బా ఇంజిన్ వైపు రేకులోకి వెళ్లే కన్నాలు. మొదటి మూడూ కలిస్తే నాలుగోది సర్దుకోవచ్చు.

స్టీరింగ్ రాడ్ మాత్రం నీదే ఉంచు. దాన్ని కోసి వెల్డింగ్ పెట్టి పొడవు సరిచేస్తాననే వాడి దగ్గర ఒక్క క్షణం నిలబడకు. డ్యాష్ రాడ్‌కు సర్దుకోవాలి, రాడ్ డ్యాష్‌కు సర్దుకోకూడదు.

సుంకి ఘాట్

తమ్ముడూ, నేను సాలూరు–కొరాపుట్ మధ్య ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఒక్కటే చెప్తాను. టెంపరేచర్ ముల్లు విషయం తేల్చుకున్నాకే వేరే పని మొదలుపెట్టు. నా పాత పికప్‌కు ఒకచోట వేరే బండి మీటరు పెట్టించాను. చూడడానికి బాగుంది. సుంకి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు సగం కిందే ఉంది, నేను ధైర్యంగా మూడో గేరులో లాగాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చేదాకా తెలియలేదు. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం సీలు) పోయింది. ఇంజిన్‌లో ఉన్న సెన్సార్ ఒక మీటరుకు తయారైంది, నేను చూస్తున్నది ఇంకో మీటరు. ముల్లు అబద్ధం చెప్పింది.

జయపురం వైరింగ్

పై ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దాని లోతు కొంచెం చెప్తాను, ఓపికగా చదువు బాబూ.

మీటరులోని ముల్లుకు వేడి తెలియదు, డీజిలు తెలియదు. దానికి తెలిసింది రెసిస్టెన్స్ ఒక్కటే. ట్యాంకులో ఫ్లోట్ (డీజిలు మీద తేలే బెండు) పైకి కిందికి కదిలితే ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) మారతాయి, ముల్లు వాటిని చదువుతుంది. ఆ ఓమ్స్ అన్ని బండ్లకూ ఒకటి కాదు. వీడీఓ అనే కంపెనీ రకం ఫ్లోట్ ఖాళీకి 10, ఫుల్‌కు 180 ఓమ్స్ దగ్గర చూపిస్తుంది. అమెరికాలో విడిగా అమ్మే మీటర్లలో ఎక్కువ భాగం దీనికి తిరగబడి, ఖాళీకి 240, ఫుల్‌కు 33. మొదటి రకం ఫ్లోట్‌కు రెండో రకం మీటరు కలిపితే ట్యాంకు నిండినప్పుడు ఖాళీ అంటుంది. కాబట్టి మీటరు మార్చేవాళ్లు ముందు ఫ్లోట్ బయటికి తీసి, పైకి ఒకసారి, కిందికి ఒకసారి పెట్టి మల్టీమీటర్‌తో కొలిచి రాసుకోవాలి. టెంపరేచర్ సెన్సార్ కూడా అంతే. మరుగుతున్న నీళ్ల గిన్నెలో దాని మూతి ముంచి కొలిస్తే 100 డిగ్రీల దగ్గర ఎంతో తెలుస్తుంది.

ఇక ఆ 2013 మీటరు. ఆ బండి కామన్ రైల్ అనే కొత్త రకం ఇంజిన్‌ది, దానికి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, ఉంటుంది. నీ డీఐలో పంపు మెకానికల్, ఈసీయూ లేదు. మీటరుకు కొన్ని సంగతులు ఈసీయూ చెప్పాల్సి ఉంటే, నీ బండిలో చెప్పేవాడు లేడు. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) కావాలంటే డైనమో మీద డబ్ల్యూ అనే టెర్మినల్ నుంచి తీసుకోవచ్చు. స్పీడుకు కేబుల్ చివర పల్స్ సెన్సార్ తగిలించవచ్చు. అన్నీ అవుతాయి. అయ్యాక ప్రతి ముల్లునూ ఫోన్ జీపీఎస్‌తో, థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి.

నా సలహా అడిగితే: డ్యాష్ కొత్తది పెట్టు, మీటరు పాతదే ఉంచు, వైరింగ్ కిట్టు కూడా పాతదే. ఫ్లోట్, సెన్సార్, కేబుల్ అన్నీ దాని జతలే కాబట్టి సరిచూసే పని ఉండదు. మీ నాన్నగారి కిలోమీటర్లూ ఎక్కడికీ పోవు.

రాయగడ రైతు

గురువుగారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. కొత్త డ్యాష్‌లో పాత మీటరు అతికించినట్టు కనబడుతుంది. 18 వేలు పెట్టి అంత పని చేసి చివరకు ముందు కనిపించేది అదే పాత మీటరు అయితే మనసుకు తృప్తి ఏముంటుంది? నేను మా పికప్‌కు వేరే మీటరే పెట్టించాను, ఏడాదిన్నరగా బాగానే ఉంది.

సుంకి ఘాట్

మీరు మైదానంలో తిరుగుతారా, ఘాట్ ఎక్కుతారా?

రాయగడ రైతు

ఊరి నుంచి రాయగడ మార్కెట్, అంతే. ఆ మాట ఒప్పుకుంటాను, ఘాట్ ఎక్కే బండికి లెక్క వేరు.

కిమిడి టు డాలస్

మాది పర్లాకిమిడి, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. షెవర్లే సీ/కే పికప్‌లు 1988 నుంచి 94 వరకు ఒక రకం డ్యాష్‌తో వచ్చాయి, 1995లో లోపలంతా మార్చారు. బాడీ అదే తరానిది కావడంతో పాత ట్రక్కులకు 95 తర్వాతి డ్యాష్ వేసుకోవాలని ఇక్కడివాళ్లకు మహా ఇష్టం. మా పక్కింటాయన 1990 ట్రక్కుకు వేస్తుంటే రెండు శనివారాలు సాయం పట్టాను.

ఆయన దగ్గర చూసి నేర్చుకున్నది ఒకటుంది. పాత డ్యాష్ విప్పేముందు ప్రతి కప్లర్‌కు (వైర్లు కలిపే ప్లగ్గుకు) తెల్ల టేపు చుట్టి రెండు వైపులా ఒకే నంబరు రాశాడు. 41 వరకు వచ్చింది. ఫొటోలు తీసుకున్నా, మూడో వారానికి ఫొటోలో ఏ వైరు ఏదో అర్థం కాలేదు, నంబర్లే కాపాడాయి.

ఇంకొకటి. ఆ 95 తేలిక రకం ట్రక్కుల్లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా వచ్చింది. పాత ట్రక్కులో దానికి సెన్సార్లు, కంట్రోల్ యూనిట్ ఏవీ ఉండవు. ఆయన ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ పెట్టలేదు, పాత స్టీరింగే ఉంచేశాడు. మన దగ్గరా కొత్త బండ్ల సామాను కొనేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని వైర్లను టెస్ట్ ల్యాంపుతో ముట్టుకోవద్దు. అందులో ఉండేది పేలుడు మందు.

పర్లాకిమిడి మాస్టారు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసి ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. డ్యాష్‌బోర్డు ఆర్సీలో ఉండదు, దానితో చిక్కు లేదు. కానీ సీట్ల సంఖ్య ఉంటుంది. ముందు సీట్లు మార్చేటప్పుడు కూర్చునేవాళ్ల లెక్క పెరగకుండా, తగ్గకుండా చూసుకోండి.

మీది ట్రాన్స్‌పోర్ట్ బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. హారన్, లైట్లు, వైపర్, స్పీడోమీటర్ అన్నీ పని చేస్తూ ఉండాలి. పని సగంలో ఉండగా ఫిట్‌నెస్ గడువు పడకుండా తేదీ చూసుకుని మొదలుపెట్టండి. విశాఖ కొట్టులో బిల్లు తప్పకుండా తీసుకోండి, అందులో ఆ బొలెరో చాసిస్ నంబరు రాయించుకోండి. రాష్ట్రం దాటించే సామాను, దారిలో అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

మీటరు ఎప్పుడైనా మార్చాల్సి వస్తే పాత లెక్క ఫొటో తీసి, తేదీ వేసి బండి కాగితాల్లో పెట్టుకోవడం మంచిది. రేపు కొనేవాడికి మనం చెప్పాల్సిన నిజం అది.

గుణుపురం క్యాంపర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సామాను తెచ్చేశాను. ఇనుప ఫ్రేము, బ్రాకెట్లు, ఒక డబ్బా నిండా క్లిప్పులతో సహా 17 వేలకు ఇచ్చాడు. మీటరు పాతదే ఉంచుతున్నాం. గురువుగారి మాట చదివి వినిపిస్తే నాన్న వెంటనే సరే అన్నారు.

నిన్న పాత డ్యాష్ విప్పాం. బ్యాటరీ వైరు తీసి, కప్లర్లకు నంబర్లు వేశాం. మాకు 26 వచ్చాయి. వెనక చూస్తే గుండె జారిపోయింది. ఎప్పుడో టేప్ రికార్డర్ పెట్టించినప్పుడు కీ స్విచ్ వైరు మీద పొర గీకి, ఇంకో వైరు మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. టేపు ఊడి రాగి బయటికి కనిపిస్తోంది. దాని పక్కనే ఇంజిన్ వైపు రేకులో చిన్న కన్నం, రేకు అంచు తగలకుండా పెట్టే రబ్బరు గ్రోమెట్ లేకుండా మూడు వైర్లు దూర్చారు. రేకు అంచు రాసుకుని ఒకదాని పొర సగం తెగింది.

జయపురం వైరింగ్

దేవుడు చల్లగా చూశాడు. ఇలాంటి కన్నం దగ్గర వైరు షార్ట్ అయి ఘాట్ రోడ్డు మధ్యలో డ్యాష్ కింద నుంచి పొగ వచ్చిన బండి నా దగ్గరకు వచ్చింది. డ్రైవర్ బ్యాటరీ వైరు పీకేసి బతికాడు. పైగా ఆ సర్క్యూట్‌కు ఫ్యూజు బదులు సిగరెట్ పాకెట్ లోపలి కాగితం చుట్టి ఉంది.

బాబూ, ఆ తెగిన వైర్లకు టేపు చుట్టొద్దు. ముక్క మార్చి, టంకం పెట్టి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడుగు. అక్కడ కదలిక ఎక్కువ ఉంటే టంకం కన్నా సరైన టూల్‌తో నొక్కిన జాయింటు మేలు, టంకం పెట్టిన చోట వైరు బిగుసుకుని అదురుకు విరుగుతుంది. కన్నానికి గ్రోమెట్ పెట్టు. ఫ్యూజులు రంగు చూసి వేసుకో: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. నీలం ఉన్నచోట ఆకుపచ్చ పెడితే ఫ్యూజు మిగులుతుంది, వైరు కాలుతుంది.

ఎర్త్ పాయింట్లు కూడా ఇప్పుడే చూడు. రేకు మీద పెయింటు గీకి, నక్షత్రం వాషరు వేసి బిగించు. ఇండికేటర్ వేసినప్పుడల్లా డీజిలు ముల్లు ఊగే బండ్లకు తొంభై శాతం రోగం అక్కడే.

బరంపురం మావయ్య

సీట్ల సంగతి చెప్పడం మరిచాను. పాత బోల్టు కన్నాలు కలిస్తే సరే. కలవకపోతే పల్చని నేల రేకుకు నేరుగా కన్నం పెట్టి బిగించకు. కింద నుంచి మందమైన ప్లేటు వేసి, దానిలోంచి బోల్టు పంపాలి. సీటు బెల్టు కొక్కేలు మాత్రం కదపొద్దు. మ్యాట్ ఎత్తావు కాబట్టి నేల తుప్పు కూడా చూడు, మా గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలికి బండ్ల నేలలు బిస్కెట్లా విరుగుతాయి. మీ వైపు అంత ఉండదు గానీ తడి మ్యాట్ ఎక్కడైనా తుప్పే.

గుణుపురం క్యాంపర్

పదకొండు రోజులకు బండి రోడ్డెక్కింది. ఎడమ బ్రాకెట్ కన్నం వేలెడంత తేడా వచ్చింది, దాన్ని కోలగా గీకి సరిచేశాం. ఏసీ ఇప్పుడు పెట్టడం లేదు. కూలింగ్ కాయిల్ డబ్బాలోనే ఉంచి, పైపుల మూతులు బిగుతుగా మూసేశాం. బ్లోయర్ గాలి అద్దం నిండా పరుచుకుంటోంది. నాన్న నాలుగో నంబరు మీద పెట్టి చేయి అడ్డం పెట్టి చూశారు, ఏమీ అనలేదు, మళ్లీ పెట్టి చూశారు.

పాత మీటరు కొత్త డ్యాష్ కన్నం కన్నా చిన్నది. గుణుపురంలో నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మి.మీ. నల్ల యాక్రిలిక్ షీటు కోయించి చుట్టూ ఫ్రేములా పెట్టాం. రాయగడ అన్నా, అతికించినట్టు లేదు, నమ్మండి. మీటరు వెనక బల్బులు మసకగా ఉన్నాయని అన్నిటికీ ఎల్‌ఈడీలు వేశాను.

ఇప్పుడు రెండు సమస్యలు. 40 లోపు స్పీడులో ముల్లు వణుకుతోంది. అంతకన్నా పెద్దది: నిన్న రాత్రి పద్మపురం నుంచి వస్తుంటే హెడ్‌లైట్లు మెల్లగా తగ్గాయి. పొద్దున సెల్ఫ్ తిరగలేదు. తోసి స్టార్ట్ చేసి కొలిస్తే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులే. డైనమో పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది, ఎల్లుండి పత్తి లోడు ఉంది.

జయపురం వైరింగ్

డైనమో విప్పొద్దు. కీ తిప్పినప్పుడు చార్జింగ్ లైటు వెలుగుతోందా?

గుణుపురం క్యాంపర్

ఇప్పుడే చూశాను గురువుగారూ. వెలగడం లేదు. ఇంతకుముందు వెలిగేది.

జయపురం వైరింగ్

అదే. ఆ చార్జింగ్ బల్బు మనకు చూపించడానికి మాత్రమే ఉన్నది కాదు. కీ తిప్పగానే బ్యాటరీ కరెంటు ఆ బల్బులోంచే డైనమో లోపలి కాయిల్‌కు వెళ్లి దాన్ని అయస్కాంతం చేస్తుంది. అప్పుడే డైనమో కరెంటు పుట్టిస్తుంది. పుట్టాక బల్బుకు రెండు వైపులా వోల్టేజీ సమానమై ఆరిపోతుంది. నువ్వు పెట్టిన ఎల్‌ఈడీ తిరగబడి కూర్చుని ఉంటుంది, దానికి ప్లస్ మైనస్ ఉంటాయి. సరిగ్గా పెట్టినా అది పంపే కరెంటు చాలదు. ఆ ఒక్కచోట పాత గాజు బల్బు పెట్టు. ఎల్‌ఈడీయే కావాలంటే పక్కన 68 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ సమాంతరంగా వేయాలి, కానీ నువ్వు బల్బే పెట్టు.

ముల్లు వణుకు కేబుల్‌ది. కొత్త డ్యాష్ వెనక ఎక్కడో గట్టిగా మడత పడింది. పెద్ద వంపు వచ్చేలా దారి మార్చు.

గుణుపురం క్యాంపర్

పాత బల్బు చెత్త డబ్బాలోంచి వెతికి తీసి పెట్టాను. కీ తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది, స్టార్ట్ చేయగానే ఆరింది. మల్టీమీటర్ 14.1 చూపించింది. గురువుగారూ, డైనమో షాపుకు వెళ్లి ఉంటే నాకు ఎన్ని వేలు అయ్యేవో. కేబుల్ బ్లోయర్ డబ్బా పక్కనుంచి నొక్కుకుని వెళుతోంది, పై నుంచి తిప్పాను, ముల్లు నిలబడింది.

సుంకి ఘాట్

లోడుతో వెళ్లొచ్చాక టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడిందో తప్పక రాయి తమ్ముడూ.

గుణుపురం క్యాంపర్

పత్తి లోడుతో వెళ్లొచ్చాం అన్నా. ఎక్కుడులో కూడా ముల్లు ఎప్పుడూ ఉండే చోటే, సగానికి కాస్త కింద. నాన్నే నడిపారు. మీటరు 2,86,731.

పాత డ్యాష్ అమ్మేద్దామని బయట పెడితే నాన్న గ్లవ్ బాక్స్ మూత ఊడదీసి దాచుకున్నారు. లోపలి వైపు పెన్సిల్‌తో డీజిలు లెక్కలు ఉన్నాయి, ఎన్ని లీటర్లు, ఏ ఊరు, ఏ తేదీ. కొన్ని అక్షరాలు అమ్మవి. ఆ మూత కొత్త దానికి పట్టదు. వెనక సీటు కింద పనిముట్ల పెట్టెకు మూతగా బిగించాను. నిన్న అందులో ఇంకో లైను చేరింది.

రాయగడ రైతు

ఫొటో చూశాను తమ్ముడూ. మీటరు బాగా కుదిరింది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నల్ల ఫ్రేము కొలతలు ఇస్తావా? మా దానికీ పాత మీటరే మళ్లీ పెట్టిద్దామనుకుంటున్నాను, నాదీ క్యాంపరే.

గుణుపురం క్యాంపర్

తప్పకుండా అన్నా. గీసిన అట్ట నా దగ్గరే ఉంది, రేపు దాని మీద స్కేలు పెట్టి ఫొటో తీసి పంపుతాను. ఒక జాగ్రత్త: షీటు కోయించేముందు ఆ అట్టను డ్యాష్‌లో పెట్టి హెడ్‌లైట్ స్విచ్ పూర్తిగా లాగి చూడండి. నేను చూడకుండా కోయించాను, కుడి కింది మూల తగిలి రెండో షీటు కొనాల్సి వచ్చింది. అక్కడ 4 మి.మీ. ఎక్కువ వదిలితే సరిపోతుంది.